ఐదేళ్లు కొమునేరోస్ మోడ్ ఆడాక

1521 ఏప్రిల్ 23. స్పెయిన్‌లోని వీయలార్ ఊరి బయట, వానలో, మోకాలి లోతు బురద. ఈ ఒక్క రోజుని ఎన్నిసార్లు ఆడానో లెక్క లేదు. గెలిచింది మాత్రం నాలుగుసార్లే. అందులో ఒకటి పూర్తిగా పాచికల పుణ్యం.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. యూరోపా యూనివర్సాలిస్ 4 అనే కంప్యూటర్ గేమ్ మామూలుగా 1444 నవంబర్ 11న మొదలవుతుంది. దానికి ఎవరో ఒక ఔత్సాహికుడు సరదాగా చేసిపెట్టిన చిన్న మోడ్, అంటే ఆటని మార్చే అదనపు ఫైళ్లు, ఇది. ఇందులో ఆట 1520 మేలో, కార్లోస్ రాజు లా కొరూన్యా రేవులో ఓడెక్కి స్పెయిన్ వదిలిన రోజున మొదలవుతుంది. మనం ఆయన మీద తిరగబడ్డ కాస్టీల్ (స్పెయిన్‌లోని పెద్ద రాజ్యం) నగరాల పక్షం, అంటే కొమునేరోస్. నిజంగా జరిగినప్పుడు వాళ్లు పదకొండు నెలల్లో, ఆ వీయలార్ దగ్గరే, ఓడిపోయారు. ఓడకపోయి ఉంటే ఏమయ్యేదో చూసుకోమంటుంది మోడ్. 2020 లాక్‌డౌన్‌లో దించుకున్నాను. ఆ తిరుగుబాటుకి అప్పటికి సరిగ్గా ఐదొందల ఏళ్లని ఆ తర్వాతెప్పుడో తెలిసింది.

మొదటి గంట అద్భుతంగా ఉంటుంది, ఎందుకంటే కోపం ఎక్కడినుంచి వచ్చిందో మోడ్ బాగా పట్టుకుంది. కార్లోస్ గెంట్‌లో పుట్టి ఫ్లాండర్స్ వైపు పెరిగినవాడు. 1517లో పదిహేడేళ్లకి స్పెయిన్‌లో దిగేనాటికి అక్కడి భాష రాదు. వెంట వచ్చిన ఫ్లాండర్స్ దొరల్లో పెద్దాయన షియెవ్ర్, తన సోదరుడి కొడుకుని, ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి, ఏకంగా టొలేడో ఆర్చిబిషప్‌ని చేయించాడు. స్పెయిన్ చర్చిలో అంతకు మించిన గద్దె లేదు. 1519లో కార్లోస్ ఫుగర్ వడ్డీవ్యాపారుల దగ్గర అప్పు చేసి మరీ జర్మనీలో చక్రవర్తిగా ఎన్నికయ్యాడు. మరుసటి ఏడు కాస్టీల్ మీద కొత్త పన్ను పడింది. దానికి ఓటేసి ఇంటికొచ్చిన సెగోవియా ప్రతినిధిని జనం వీధుల్లో ఈడ్చుకెళ్లి చంపేశారు. ఆటలో మనకి కనిపించే మొదటి ఈవెంట్ విండో అదే. కింద ఒకటే బటన్: 'ఇక వెనక్కి లేదు.'

ఆగస్టు 21న మెదీనా దెల్ కాంపో. తోపులు ఇవ్వమని మొరాయించిన సంతల ఊరిని రాజు సేనలు తగలబెడతాయి. ఆ మంట తర్వాత మ్యాప్ మీద ఊళ్లు ఒక్కోటీ రంగు మారుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. కొత్తగా ఆడేవాళ్లు ఇక్కడే గెలిచేశామనుకుంటారు. నేనూ అనుకున్నాను.

అసలు ఆట తోర్దెసీయాస్ కోటలో ఉంది. కార్లోస్ తల్లి హువానా 1509 నుంచి అక్కడ బందీ. పేరుకి కాస్టీల్ రాణి ఆవిడే. టొలేడో నాయకుడు పదీయా ఆ ఊరు పట్టుకుని ఆమెని కలిసినప్పుడు, ఆమె తండ్రి నాలుగేళ్ల కిందటే చనిపోయాడన్న మాట కూడా ఆమెకి ఎవరూ చెప్పి ఉండలేదు. మోడ్‌లో ఇది మూడు విండోలుగా వస్తుంది. ఒకదాంట్లో రాణి చిన్నకూతురు కాతాలినా పక్కన కూర్చుని ఉంటుంది. బల్ల మీద కాగితం, కలం. రాణి మంచిగానే మాట్లాడుతుంది, అన్నీ వింటుంది, సంతకం దగ్గర మాత్రం రేపు చూద్దామంటుంది. ఫైల్ తెరిచి చూశాను, ఆమె సంతకం పెట్టే అవకాశం నూటికి ఐదు.

ఒక రాత్రి నేను "సంతకం పెట్టమ్మా తల్లీ" అని స్క్రీన్‌తో మాట్లాడుతుంటే మా ఆవిడ విని, "ఎవరండీ ఆవిడ?" అంది.

"స్పెయిన్ రాణి."

"సంతకం దేనికి?"

"కొడుకు మీద తిరుగుబాటుకి."

"ఏ తల్లి పెడుతుందండీ?" అనేసి వెళ్లి పడుకుంది. అప్పటికి రెండేళ్లుగా ఆడుతున్నాను, నాకీ మాట తట్టలేదు.

నిజంగానూ ఆమె పెట్టలేదు. ఆటలో రెండుసార్లు పెట్టింది. ఆ రెండు ఆటలూ చప్పగా ఉన్నాయి. సంతకం పడగానే దొరలంతా వచ్చి చేరతారు, ఆర్నెల్లలో అయిపోతుంది. సంతకం లేని ఆటలే ఆడదగ్గవి.

దొరలంటే గుర్తొచ్చింది. ఈ మోడ్ నాకు నేర్పిన ముఖ్యమైన సంగతి దుయేన్యాస్. 1520 సెప్టెంబర్‌లో ఆ ఊరి రైతులు తమ ప్రభువు మీదే తిరగబడ్డారు. అప్పటిదాకా గోడ మీద పిల్లుల్లా ఉన్న ప్రభువులు, ఇది మా భూముల దాకా వస్తోందని రాజు పక్షానికి దూకారు. అదే నెలలో కార్లోస్ కూడా తెలివిగా ఇద్దరు కాస్టీల్ ప్రభువుల్ని, అల్మిరాంతె (నౌకాదళాధిపతి) బిరుదున్నాయన్నీ, కాన్‌స్టబుల్ (సేనాధిపతి) బిరుదున్నాయన్నీ, పాలనలో తన గురువు అద్రియాన్ పక్కన కూర్చోబెట్టాడు. ఆటలో మనకి రెండు దారులు: రైతుల్ని వెనకేసుకు రావడం, లేదా వాళ్లని అణిచేసి ప్రభువుల్ని ఉంచుకోవడం. రెండోది నొక్కితే సైన్యం సగమైపోతుంది. ఇప్పటికి ఇరవైసార్లు నొక్కుంటాను, ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

బుర్గోస్ విషయంలో మాత్రం మోడ్ మరీ మొరటు. ఆ ఊరి వ్యాపారులు ఉన్నిని ఫ్లాండర్స్‌కి ఎగుమతి చేసి బతికేవాళ్లు. సెగోవియా నేతగాళ్లేమో ఉన్ని దేశంలోనే ఉండాలనేవాళ్లు. ఇద్దరూ ఒక జెండా కింద ఎన్నాళ్లుంటారు? బుర్గోస్ జారిపోవడానికి ఈ ఉన్ని గొడవా ఒక కారణమే. మోడ్‌లో అది 'నమ్మకద్రోహం' అని ఒక్క ఎర్ర అక్షరాల లైన్. బాగా ఆలోచించి చేసినాయనకి ఇక్కడ ఓపిక అయిపోయినట్టుంది.

ఇక టిప్పు కావాలన్నవాళ్లకి: 1521 ఫిబ్రవరిలో తొర్రెలొబాతోన్ కోట దొరకగానే అక్కడ ఆగొద్దు. పదీయా దాదాపు రెండు నెలలు ఆగాడు. దోచుకున్న సొమ్ముతో జనం ఇళ్లకి పోయారు, అటువైపు ప్రభువులు గుర్రపుదళం పోగేసుకున్నారు. చివరికి తోరో వైపు బయల్దేరితే వాన, బురద, కదలని తోపులు, వెనకనుంచి గుర్రాలు. నా నాలుగు గెలుపుల్లో మూడు మార్చి మొదట్లోనే కదలడం వల్ల వచ్చినవి. ఇంకో దారి, ఎలాగోలా మే దాకా నిలబడటం. మేలో ఫ్రెంచివాళ్లు సరిహద్దులోని నవార్‌లోకి దిగుతారు, రాజు సేనలు అటు తిరగక తప్పదు. ఆ ఒక్క నెల తేడా అసలు చరిత్రలోనూ ఉంది. మ్యాప్ మీద తేదీలు చూస్తూ ఆడితే తప్ప నాకు అర్థం కాలేదు. వీయలార్‌కి అయిదారు రోజుల ముందు కార్లోస్ జర్మనీలో, వోర్మ్స్ సభలో, చర్చిని ఎదిరించిన మార్టిన్ లూథర్‌ని నిలదీస్తున్నాడు. మనం ఎవరితో పోరాడుతున్నామో ఆయన ధ్యాసే ఇక్కడ లేదు.

గెలిచాక ఏమిటంటే, ఏమీ లేదు. ఇది పెద్ద లోటు. కార్లోస్ తమ్ముడు ఫెర్నాందో అల్కలాలో పుట్టి స్పెయిన్‌లోనే పెరిగినవాడు, అక్కడివాళ్లకి ఇష్టుడు. అందుకే 1518లో అతన్ని దేశం దాటించేశారు. అతన్ని తిరిగి పిలిపించే దారి ఒకటి పెట్టి ఉంటే ఆట ఇంకో పదేళ్లు నడిచేది. వాలెన్సియాలో అదే సమయంలో చేతిపనివాళ్ల సంఘాలు తిరగబడ్డాయి, వాళ్లతో పొత్తుకి బటనే లేదు. గెలిచిన కాస్టీల్ 1523 నుంచి మామూలు గేమ్‌లోని మామూలు దేశం.

సాంకేతికంగా: లాప్‌టాప్ ఫ్యాన్ మోత భరించాలి. మోడ్ ఎత్తుకున్నాక ఆటోసేవ్ రెండుసార్లు పాడైంది, ఒకసారి నలభై గంటల ఆట పోయింది. చేసినాయనకి మెయిల్ పెట్టాను, జవాబు లేదు. నెలకోసారైనా సేవ్ ఫైల్ కాపీ తీసి పక్కన పెట్టుకోండి.

అన్నిటికంటే నాకు మండేది ఓడిపోయినప్పుడు వచ్చే చివరి తెర. ఏప్రిల్ 24న తిరుగుబాటు నాయకులు పదీయా, బ్రావో, మల్దొనాదోల తలలు తీశారని చెప్పి ఆట ఆగిపోతుంది. కానీ పదీయా భార్య మరియా పచేకో ఆ తర్వాత కూడా నెలల తరబడి టొలేడోని నిలబెట్టింది. 1522 ఫిబ్రవరిలో మారువేషంలో పోర్చుగల్‌కి తప్పించుకుంది. 1531లో అక్కడే పోయింది, క్షమాభిక్ష దొరకలేదు. మోడ్‌లో ఆమె పేరు ఒక్కచోటే ఉంది, అదీ అక్షరం తప్పుతో.

అందుకే పోయిన దసరా సెలవల్లో ఈవెంట్ ఫైల్ తెరిచి నేనే రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఏప్రిల్ 24 తర్వాత ఆట ఆగదు, టొలేడో గోడల మీద ఆమె ఉంటుంది. 1521 అక్టోబర్‌లో టొలేడో రాజు పక్షంతో చేసుకున్న ఒప్పందం దాకా బాగానే నడుస్తోంది. పోర్చుగల్ సరిహద్దు దాటించేచోట మాత్రం గేమ్ క్రాష్ అవుతోంది. ఒక బ్రాకెట్ ఎక్కడో మిస్సయింది, ఇంకా దొరకలేదు.