ఏరియేటర్ రిపేరుకి ఏది మేలు: ఆర్‌సీసీబీయా, ఫ్యూజులు పీకడమా?

రొయ్యల చెరువు నీళ్లలోకి గాలి కలిపే మోటారే ఏరియేటర్. దాని రిపేరుకి నీళ్లలో దిగేవాడికి షాక్ కొట్టకుండా చూడాలి. భీమవరం, ఆకివీడు వైపు చెరువుల మీద "షెడ్డులో ఎంసీబీ ఉందిగా, ఇంకేం భయం?" అనేవాళ్లు ఇప్పటికీ తగులుతారు. ఎంసీబీ అంటే కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్. అది కాపాడేది వైరుని, మనిషిని కాదు. 10 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే కరెంటు 10 దాటాలి. మనిషి ప్రాణం పోవడానికి అందులో వందో వంతు చాలు. కాబట్టి దాన్ని పోటీలోంచి తీసేద్దాం.

ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్, అలా కాదు. వెళ్లిన కరెంటునీ తిరిగొచ్చిన కరెంటునీ సరిచూసుకుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకమైతే, అంత తేడా వస్తే 0.3 సెకన్లలోపే సప్లై ఆపేస్తుంది. చిక్కల్లా రాత్రిపూట. కేబుల్ జాయింటులోకి చెమ్మ దిగి ట్రిప్ అయిందంటే ఏరియేటర్లన్నీ ఆగుతాయి, ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. ఆ భయంతోనే దాన్ని బైపాస్ చేయిస్తారు. రైతు టెన్షన్ నిజమే, కానీ చెరువంతటికీ ఒక్కటే పెట్టడం వల్ల వచ్చిన తంటా అది. ఏరియేటరుకి ఒకటి పెడితే లీకేజీ ఉన్నదే ఆగుతుంది. ఖర్చవుతుంది, కాదనను.

అయినా రిపేరు చేసేవాడికి అదొక్కటే చాలదు. మోటారుకి వచ్చే మూడు ఫేజుల్లో, అంటే కరెంటుండే మూడు వైర్లలో, రెండు ఒకేసారి చేతికి తగిలితే, నేలకి లీకేజీ లేకపోతే, దానికి తేడా కనపడదు. అక్కడుండేది 415 వోల్టులు.

ఫ్యూజులు పీకడానికి పైసా ఖర్చు లేదు. స్టార్టర్, అంటే మోటారు ఆన్ చేసే బాక్సు, ఆపి దిగితే సరిపోదా అంటారు. దాన్ని ఆటోలో పెట్టి ఉంటే, పోయిన కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. అందుకని మూడు ఫ్యూజులూ జేబులో వేసుకోవాలి, బాక్సుకి తాళం వేయాలి, తాళంచెవి నీళ్లలో దిగేవాడి దగ్గరే ఉండాలి. మేస్త్రి దగ్గర కాదు. తర్వాత కరెంటు లేదని మల్టీమీటరు పెట్టి చూడాలి, అదీ ముందు కరెంటున్న చోట పనిచేస్తోందని తేల్చుకున్నాకే. ఎండలో టెస్టరు వెలిగిందో లేదో కనపడి చావదు.

రబ్బరు గ్లౌజులా? కిరాణా కొట్టులో దొరికేవి గిన్నెలు తోముకోవడానికే.

నా లెక్కలో రిపేరుకి ఫ్యూజులు పీకడమే మేలు. మోటార్లు తిరుగుతుండగా గట్టు మీద, పడవలో మేత వేసేవాళ్లకి ఆర్‌సీసీబీ తప్పదు, ఎందుకంటే వాళ్ల కోసం ఎవరూ సప్లై ఆపరు. జనరేటరు ఉన్నచోట మాత్రం ఫ్యూజులు చేంజోవర్ స్విచ్ (లైను కరెంటు నుంచి జనరేటరుకి మార్చేది) దాటాక, మోటారు వైపున్నవే పీకాలి. లైను వైపువి పీకి దిగితే, షెడ్డులో కుర్రాడు జనరేటరు వేసిన క్షణాన కేబుల్లోకి కరెంటు వచ్చేస్తుంది.