అల్సర్ బ్యాక్టీరియాపై క్లారిథ్రోమైసినా, రిఫాబ్యూటినా?

కడుపులో పుండ్లకు కారణమయ్యే హెలికోబ్యాక్టర్ పైలోరీని కనిపెట్టినందుకు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. దాన్ని వదిలించే కోర్సుల్లో ఏళ్ల తరబడి ముందున్నది క్లారిథ్రోమైసిన్ అనే యాంటీబయాటిక్. నోరు చేదెక్కుతుంది, అదొక్కటే అయితే ఓర్చుకోవచ్చు. అసలు చిక్కు రెసిస్టెన్స్, అంటే క్రిమి మందుకు లొంగకపోవడం. బ్యాక్టీరియాలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములో చిన్న మార్పు వస్తే చాలు, మందు అక్కడ అతుక్కోలేదు. అందుకే రెసిస్టెన్స్ 15 శాతం దాటిన చోట, పరీక్ష చేయకుండా దీన్ని ఇవ్వొద్దని మార్గదర్శకాలు చెబుతున్నాయి.

రిఫాబ్యూటిన్ క్షయ మందుల కుటుంబానిది, క్షయకు ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు దగ్గరి చుట్టం. బ్యాక్టీరియాలో ఆర్‌ఎన్‌ఏ తయారీనే ఆపేస్తుంది. పైలోరీలో దీనికి రెసిస్టెన్స్ అరుదు. కడుపులో యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్, మరో యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్‌తో కలిపిన క్యాప్సూల్‌కు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో అనుమతిచ్చింది. కోర్సు 14 రోజులు. మూత్రం నారింజ రంగుకు మారితే కంగారు పడక్కర్లేదు. తెల్లరక్తకణాలు తగ్గడం, కంట్లో వాపు మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు.

వేరే మందులు వాడేవాళ్లు డాక్టరుకు తప్పక చెప్పాలి. వాటిలో కొన్నిటి స్థాయిని క్లారిథ్రోమైసిన్ రక్తంలో పెంచేస్తుంది, రిఫాబ్యూటిన్ తగ్గించేస్తుంది. రిఫాబ్యూటిన్ వాడేటప్పుడు గర్భనిరోధక మాత్రలు కూడా సరిగా పనిచేయకపోవచ్చు.

నా మటుకు, మిగతా మందులు విఫలమయ్యాకే రిఫాబ్యూటిన్ వైపు చూడటం మేలు. ఇచ్చే ముందు క్షయ లేదని నిర్ధారించుకోవాలి. దీనివల్ల ఒంట్లో ఉన్న క్షయ క్రిమి రిఫాంపిసిన్‌కు లొంగకుండా తయారైతే, ఆ నష్టం అల్సర్ కంటే చాలా పెద్దది.