జాయినర్ పూర్వీకుడి కోసం పక్కింటివాళ్ల ప్రొబేట్ ఫైళ్లు: ఏళ్లపాటు వాడాక

పద్దెనిమిదో శతాబ్దపు మాసచూసెట్స్‌లో జాయినర్ (సామాన్లు, పెట్టెలు చేసే కొయ్యపనివాడు) పని చేసిన పూర్వీకుడి కోసం వెతికేవాళ్లు ముందుగా అతని పేరు మీదున్న ప్రొబేట్ ఫైలే, అంటే చనిపోయినవాడి ఆస్తి పంపకం గురించిన కోర్టు కాగితాలే తెరుస్తారు. జననమరణాల పుస్తకాలు, 1790 జనాభా లెక్కలు అందరూ చూసేవే, వాటి జోలికి పోను. ఇన్నేళ్లలో నాకు ఎక్కువ అక్కరకొచ్చినవి అతనికంటే ముందు పోయిన ఇరుగుపొరుగువాళ్ల ఫైళ్లు.

శవపేటిక చేసేది జాయినర్. చనిపోయినవాడి ఆస్తి చక్కబెట్టే అడ్మినిస్ట్రేటర్ కోర్టుకిచ్చే లెక్కలో వైద్యుడికింత, గొయ్యి తవ్వినందుకింత, పెట్టె చేసినందుకు ఫలానావాడికి ఇన్ని షిల్లింగులు అని పద్దు రాస్తాడు. ఆ జాయినర్ అప్పటికి బతికున్నాడని, ఆ చుట్టుపక్కలే పనిలో ఉన్నాడని చెప్పడానికి ఆ ఒక్క పద్దు చాలు. భూమి కొనని, వీలునామా రాయని పనివాడికి ఇంతకంటే ఏం దొరుకుతుంది!

అసలు నిధి రసీదులు. లెక్కను గుమాస్తా కోర్టు పుస్తకంలోకి నకలు దించేవాడు. డబ్బు ముట్టిందని పనివాడు ఇచ్చిన చీటీ మాత్రం, మిగిలితే, విడి కాగితాల కట్టలోనే ఉంటుంది, కింద అతని సొంత చేవ్రాలుతో. ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరిని విడదీయడానికి దాన్ని మించింది నేను చూడలేదు. చాలామంది తప్పటడుగు వేసేదీ ఇక్కడే. దస్తావేజుల రిజిస్టరులో కనిపించే సంతకంతో దీన్ని పోల్చి చూస్తారు. అది గుమాస్తా చేతిరాత, ఊరందరి సంతకాలూ అందులో ఒకే తీరున ఉంటాయి. పోల్చాల్సింది అసలు కాగితంతో అసలు కాగితాన్ని: రసీదు, జామీను పత్రం, ఆస్తి మదింపు జాబితా. ఒకచోట సంతకం, మరోచోట నిశానీ ఉన్నాయని వెంటనే ఇద్దరు మనుషులుగా తేల్చకూడదు. సంతకం వచ్చినవాడు కూడా మంచాన పడ్డాక నిశానీ గీసేవాడు. పేరు పక్కన ‘జూనియర్’ ఉంటే కొడుకనీ అనుకోకూడదు. ఊళ్లో అదే పేరున్న ఇద్దరిలో వయసులో చిన్నవాడని మాత్రమే దానర్థం కావచ్చు.

ఒక్క పద్దు చాలన్నాను గానీ, రసీదు లేనప్పుడు అంత చాలదు. లెక్క దాఖలయ్యేసరికి ఏడాదో రెండేళ్లో గడిచిపోయి ఉండొచ్చు, పేటిక చేసినవాడు ఆలోగా పోయి ఉండొచ్చు. చిన్న ఊళ్లలో ఇళ్లు కట్టే వడ్రంగులూ పెట్టెలు చేసేవాళ్లు, కాబట్టి పద్దును బట్టి వృత్తి ఖాయం కాదు. తేదీలతోనూ జాగ్రత్త: అక్కడ 1752కి ముందు కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. ఫిబ్రవరి 1735/6 అని రాసి ఉంటే మన లెక్కలో అది 1736.

పాత సూచికల్లో చనిపోయినవాడి పేరే ఉంటుంది, పెట్టె చేసినవాడిది ఉండదు. అందుకే ఊళ్లో మనం వెతికే పదేళ్లలో పోయినవాళ్ల ఫైళ్లన్నీ పేజీ పేజీ తిప్పాల్సి వచ్చేది. వంశవృక్షాల వెబ్‌సైటు ఫ్యామిలీసెర్చ్ 2024లో తెచ్చిన చేతిరాత వెతుకులాటలో జాయినర్ ఇంటిపేరు, ‘కాఫిన్’ (శవపేటిక) కలిపి కొడితే చాలా శ్రమ తగ్గుతుంది. నాంటుకెట్, న్యూబరీ వైపు మాత్రం కాఫిన్ అన్నది పెద్ద వంశం ఇంటిపేరు. అక్కడ ఆ మాట వదిలేసి ఊరి పేరుతో, ఏడుతో వెతకడం మేలు.

నేను చూసేది ఎక్కువగా ఎసెక్స్ కౌంటీ. అక్కడ 1638 నుంచి విడి కాగితాలు మిగిలాయి. ప్రొబేట్ ఊరివారీగా నడిచిన రోడ్ ఐలండ్‌లో ముందు ఏ ఊరో తెలియాలి. అమెరికా అంతర్యుద్ధంలో కోర్టు కాగితాలు కాలిపోయిన వర్జీనియా కౌంటీలవాళ్లకైతే ఈ దారి చూపించలేను.