ఎదురుగా పార్కు ఉందని ఇల్లు కొంటున్నారా? టోకెన్ ఇచ్చే ముందు ఇది చదవండి

హైదరాబాద్ శివార్లలో, ముఖ్యంగా ఘట్‌కేసర్ వైపు పాత పంచాయతీ లేఔట్లలో ఇల్లు వెతుకుతున్నవాళ్లకి ఈ జాగ్రత్త చెప్పాలి. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

మేం రీసేల్‌లో ఇండిపెండెంట్ ఇల్లు కొన్నాం. లోపలి వీధి, బండ్ల రొద లేదు, గేటు ఎదురుగానే పార్కు. పిల్లలు కళ్లముందే ఆడుకుంటారని గజానికి ఎక్కువే పెట్టాం. అమ్మినాయన చూపించిన లేఔట్ ప్లాన్‌లో ఆ జాగాకి పచ్చరంగు వేసి ‘పార్కు’ అని రాసి ఉంది. గృహప్రవేశమైన కొన్నాళ్లకే అక్కడ కడీలు పాతారు. ఇదేంటని అడిగితే రిజిస్టర్డ్ సేల్ డీడ్ తీసి చూపించారు. లేఔట్ వేసినవాళ్లు పార్కుని కూడా ప్లాట్లు చేసి అమ్మేశారన్నమాట! ఇప్పుడు కాలనీవాళ్లందరం చందాలు వేసుకుని కోర్టు చుట్టూ తిరుగుతున్నాం.

హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) ఆమోదించిన లేఔట్ అయితే రోడ్లు, పార్కు జాగాలను స్థానిక సంస్థకి గిఫ్ట్ డీడ్ (దానపత్రం) చేసి అప్పగించాలి. పంచాయతీ ముద్ర మాత్రమే ఉన్న చాలా లేఔట్లలో ఆ పని జరగలేదు. కాగితం మీద పార్కు, రికార్డుల్లో మాత్రం పాత యజమాని పేరే.

‘ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఔట్ల క్రమబద్ధీకరణ) ఫీజు కట్టేశాం, ఇంకేం టెన్షన్ లేదు’ అంటారు. ఆ రసీదే అడిగి తీసుకుని చూడండి. అందులో ఓపెన్ స్పేస్ ఛార్జీలని ప్లాటు విలువలో 14 శాతం వసూలు చేసి ఉంటే, లేఔట్‌లో నిబంధనల ప్రకారం ఖాళీ స్థలం వదల్లేదు కాబట్టే ఆ డబ్బు కట్టించుకున్నారని అర్థం. అలాంటప్పుడు మీకు చూపిస్తున్న పార్కు ఎవరిదో గట్టిగా ఆరా తీయాలి. నా దృష్టిలో ఇంతకంటే తేలికైన గుర్తు లేదు, కానీ ఏజెంట్లు దీని ఊసే ఎత్తరు.

బ్యాంకు లోన్ ఇచ్చిందంటే అంతా క్లియర్ అనుకోకండి. బ్యాంకు లాయర్ చూసేది మీరు కొనే ప్లాటు కాగితాలే, ఎదురు జాగా సంగతి ఆయనకి అక్కర్లేదు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసేటప్పుడు మీ ప్లాటు నంబరుతో ఆపేయకుండా, లేఔట్ ఉన్న సర్వే నంబర్లన్నింటికీ తీయించండి. పార్కు జాగాని ఎవరికైనా రిజిస్టర్ చేసి ఉంటే అక్కడ బయటపడే అవకాశం ఎక్కువ.

పార్కుల కబ్జాలను ప్రభుత్వ సంస్థ హైడ్రా తీసేస్తోంది కదా అని కొందరు అడిగారు. అక్కడైనా ఆమోదం పొందిన లేఔట్ కాపీ, గిఫ్ట్ డీడ్ ఉంటేనే మన మాటకి బలం.

కాబట్టి మున్సిపల్ ఆఫీసు టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కి స్వయంగా వెళ్లి పార్కు గిఫ్ట్ డీడ్ నంబరు అడగండి. కాలనీ అసోసియేషన్‌వాళ్లతో కూడా మాట్లాడండి, గొడవలేమైనా ఉంటే ముందు వాళ్లకే తెలుస్తాయి. ‘అవన్నీ ఎందుకండీ, ఇవాళ టోకెన్ ఇవ్వకపోతే వేరేవాళ్లు పట్టుకుపోతారు’ అని తొందరపెడితే, పట్టుకుపోనివ్వండి.