విశాఖలో సంగీతం టీచర్ కావాలంటే: కాలేజీయా, గురువా, యూనివర్సిటీయా, గ్రేడులా? ఏది మేలు?

ఇంటర్ పూర్తయింది, వర్ణాలు వచ్చు, ఓ ముప్పై కీర్తనలు పాడగలను, సంగీతం టీచర్‌గానే బతుకుతాను అనే పిల్లలు విశాఖపట్నంలో తక్కువేం కాదు. ఆ మాట వినగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఎక్కడ చేర్చాలి, ఎన్నేళ్లు పడుతుంది, చివరికి చేతిలో ఏముంటుంది?

ఇక్కడివాళ్ల ముందు ముఖ్యంగా నాలుగు దారులున్నాయి. విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఒకటి. ఆంధ్రా యూనివర్సిటీ సంగీత విభాగం రెండోది. ఒక విద్వాంసుడి దగ్గర ఏళ్ల తరబడి పాఠం మూడోది. కీబోర్డు, గిటారు, పియానో వైపు వెళ్లేవాళ్లకి లండన్ ట్రినిటీ కాలేజీ పెట్టే గ్రేడు పరీక్షలు నాలుగోది. నలభై ఏళ్లు పాఠం చెప్పాల్సిన మనిషికి ఇవి ఏమిస్తాయో చూసి పోలుస్తాను.

నా మొగ్గు ముందే చెప్పేస్తాను. పాఠం చెప్పి బతకాలనుకునేవాళ్లు కచేరీ చేస్తూ ఉండాలి. పెద్ద సభల్లోనే చెయ్యాలని లేదు. గుళ్లో అరగంట పాడినా సరే. కచేరీ ఆగిపోయిన టీచర్ దగ్గర మెల్లగా పాఠం కూడా ఎండిపోతుంది. కొత్త కీర్తన నేర్చుకోవాల్సిన అవసరం పోతుంది, రాగం పాడటం తగ్గుతుంది, చివరికి ఏటా అవే గీతాలు, అవే పది కీర్తనలు మిగులుతాయి. అందుకని ఏ దారి మిమ్మల్ని వేదిక మీద నిలబెడుతుందన్నదే నేను మొదట చూస్తాను.

విజయనగరం కాలేజీ

విశాఖలో రైలెక్కితే గంట ప్రయాణం. 1919లో విజయనగరం మహారాజా స్థాపించిన కళాశాల, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ఘంటసాల, పి. సుశీల ఇక్కడ చదువుకున్నారని అందరూ చెప్పుకుంటారు. నేను మాత్రం పిల్లలకి ద్వారం వెంకటస్వామి నాయుడు గారి జీవితంలోని సంవత్సరాలు చెప్తాను. ఆయన 26 ఏళ్ల వయసులో ఈ కాలేజీలో వయొలిన్ ఆచార్యులుగా చేరారు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. 1938లో వెల్లూరులో తొలి సోలో కచేరీ చేసి, పక్కవాద్యంగా వినడానికే జనం అలవాటుపడ్డ వయొలిన్‌ని వేదిక మధ్యలో కూర్చోబెట్టారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు వచ్చింది. ఆయన పాఠం చెప్పిన ఏళ్లూ, కచేరీలో ఎదిగిన ఏళ్లూ ఒకటే. టీచర్ ఉద్యోగంలో చేరితే కచేరీ పోతుందేమోనని భయపడేవాళ్లకి నేను చూపించే మొదటి జీవితం ఇది.

చదువు సంగతికి వస్తే, ప్రభుత్వ సంగీత కళాశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్, దానిపైన రెండేళ్ల డిప్లొమా. మొత్తం ఆరేళ్లు. స్వరజతులు, వర్ణాలు, కృతులు ఒక క్రమంలో వస్తాయి. లక్షణం, అంటే సంగీత శాస్త్రం, కూడా చదవాలి: మేళకర్తలు, తాళ దశప్రాణాలు, వాగ్గేయకారుల చరిత్ర. పిల్లాడు "ఈ రాగంలో నిషాదం ఎందుకు రాదు?" అని అడిగితే సరిగ్గా జవాబు చెప్పే టీచర్ వెనక చాలాసార్లు ఈ చదువే ఉంటుంది. ఇంకో లాభం గురించి ఎవరూ మాట్లాడరు. పక్క గదిలోనే మృదంగం నేర్చుకునేవాళ్లు ఉంటారు. యాప్‌లో తాళం పెట్టుకుని పాడటం వేరు, మనిషి వాయిస్తుంటే కాలప్రమాణం, అంటే పాట వేగం, నిలుపుకుని పాడటం వేరు. ఇంటి దగ్గర పాఠం చెప్పించుకునేవాళ్లకి ఈ రెండోది ఏళ్లు గడిచినా దొరకదు.

లోటు కూడా చెప్పాలి. క్లాసులో అందరూ కలిసి పాడతారు. మీ గొంతు ఎక్కడ బిగుస్తోంది, మీ గమకం (స్వరాన్ని ఊపి పలికే తీరు) ఎక్కడ తేలిపోతోంది అని ఒక్కరి మీదే దృష్టి పెట్టే సమయం టీచర్లకి ఉండదు. సిలబస్ పూర్తయితే డిప్లొమా వస్తుంది. రాగాలాపన, నెరవు, కల్పనాస్వరం, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లి పాడేవి, మాత్రం సిలబస్‌తో రావు.

గురువు

అవి వచ్చేది గురువు దగ్గర. ఆయన ఒక సంగతి (కీర్తనలో ఒక పంక్తిని కొత్త మలుపుతో పాడటం) పాడతారు, మీరు అనాలి. తప్పితే మళ్లీ పాడతారు. ఒక్క పల్లవి మీద పూట గడిచిపోతుంది. ఆయన కచేరీకి వెళ్తే మీరు వెనక కూర్చుని తంబురా వేస్తారు, కొన్నేళ్లకి సహకార గాత్రం పాడతారు. అక్కడ నేర్చుకునేది ఏ పుస్తకంలోనూ లేదు. వర్ణంతో ఎలా మొదలుపెట్టారు, ప్రధాన రాగానికి ముందు ఏ రాగం పెట్టారు, ఆ రోజు గొంతు సహకరించకపోతే ఏ కీర్తన మార్చేశారు, తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) అయ్యాక పల్లవి ఎత్తుగడ ఎలా అందుకున్నారు. రేపు మీ శిష్యురాలు మొదటిసారి వేదిక ఎక్కి వణుకుతున్నప్పుడు ఆమెకి ఏం చెప్పాలో తెలియాలంటే మీరు ఆ వెనక వరసలో కూర్చుని ఉండాలి.

ఈ దారికి పెద్ద లోటు కాగితం లేకపోవడం. పదేళ్లు నేర్చుకున్నా, స్కూల్లో ఉద్యోగానికి వెళ్తే సర్టిఫికెట్ ఏదని అడుగుతారు. కచేరీలు ఎక్కువున్న గురువు నెలలో సగం రోజులు ఊళ్లో ఉండకపోవచ్చు. కొందరు గొప్పగా పాడతారు గానీ, ఎలా పాడాలో విడదీసి చెప్పలేరు, విని పట్టుకోమంటారు. పట్టుకోగలిగిన పిల్లలకి అది వరం. మిగతావాళ్లు నాలుగేళ్లయినా అక్కడే ఉండిపోతారు. కాబట్టి చేరేముందు గురువు కచేరీకి వెళ్లడం ఒక్కటే సరిపోదు, ఆయన శిష్యులు పాడే కార్యక్రమానికీ వెళ్లండి. ఐదుగురు పాడితే ఐదుగురి గొంతులూ వేర్వేరుగా, ఎవరి గొంతు వాళ్లదిగా వినిపిస్తున్నాయా? అలా ఉంటే ఆయన నేర్పగలరు. అందరూ గురువుగారి గొంతునే అనుకరిస్తుంటే నేనైతే వెనక్కి వచ్చేస్తాను.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. గురువు దగ్గర పైస్థాయి శిక్షణ తీసుకునే 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఉంది. నెలకి 5,000 రూపాయలు, రెండేళ్లపాటు. ఈ సంగతి తెలియక వయసు దాటిపోయాక బాధపడేవాళ్లున్నారు.

యూనివర్సిటీ

ఎం.ఏ. సంగీతం రెండేళ్లు. దీనికి గట్టి బలం ఉద్యోగం. కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే 55 శాతంతో పీజీ, దానితోపాటు నెట్ లాంటి అర్హత పరీక్షో పీహెచ్‌డీయో కావాలి. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ మ్యూజిక్ టీచర్ పోస్టుకి సంగీతంలో డిగ్రీ అడుగుతారు. విశాఖలో ఆ విద్యాలయాలు ఒకటికి మించే ఉన్నాయి. నెలనెలా జీతం, సెలవులు, పెళ్లి సంబంధం దగ్గర చెప్పుకోవడానికి ఒక హోదా. వీటిని తక్కువ చేసి మాట్లాడను. సంగీతం చెప్పేవాళ్లు ఎప్పుడూ అరకొరగానే బతకాలని ఎక్కడా రాసిలేదు.

అయితే పునాది లేకుండా ఎం.ఏ.లో చేరితే ఆ రెండేళ్లూ నోట్సుకే సరిపోతాయి. పాట ముందే గట్టిపడి ఉండాలి. యూజీసీ నిబంధనల్లో ఒక వెసులుబాటు కూడా ఉంది: డిగ్రీ ఉండి, పేరున్న గురువు దగ్గర నేర్చుకుని, ఆకాశవాణిలోనో దూరదర్శన్‌లోనో పై గ్రేడు సంపాదించిన కళాకారులనీ అధ్యాపక పోస్టులకి పరిగణిస్తారు. వేదికకీ కొలువుకీ మధ్య ఇలాంటి తలుపు ఒకటుందని మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

ఆకాశవాణి మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్తాను. విశాఖపట్నం కేంద్రం 1963 నుంచి ఉంది. ఆడిషన్ నెగ్గితే బి గ్రేడుతో మొదలవుతుంది, తర్వాత బి-హై, ఎ, ఆపైన టాప్. డిప్లొమా వచ్చిన ఏడాదే ఆడిషన్‌కి సిద్ధపడమని నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ చెప్తాను. పది రాగాలు ఎప్పుడడిగినా పాడేలా తయారుకావడమే ఒక చదువు. తల్లిదండ్రులు కూడా "రేడియో ఆర్టిస్ట్" అన్న మాటకి విలువిస్తారు. ఫీజు అడగడానికి ధైర్యం వస్తుంది.

ట్రినిటీ గ్రేడులు

ఇది వేరే సంగీతం, వేరే లోకం. ఇనీషియల్ నుంచి ఎనిమిదో గ్రేడు దాకా, ఆపైన ఏటీసీఎల్, ఎల్‌టీసీఎల్, ఎఫ్‌టీసీఎల్ డిప్లొమాలు. ఎంవీపీ కాలనీ, మధురవాడ అపార్ట్‌మెంట్లలో కీబోర్డు, గిటారు టీచర్లకి పిలుపులు బాగానే ఉంటాయి. ఏటా ఒక గ్రేడు, ఒక సర్టిఫికెట్ కనిపిస్తుంది కాబట్టి తల్లిదండ్రులకి తృప్తి. టీచర్ కావాలనుకునేవాళ్లు మూడో గ్రేడో ఐదో గ్రేడో అయిపోగానే పాఠాలు మొదలుపెట్టడం నాకు నచ్చదు. కనీసం ఎనిమిది దాటి, ఒక డిప్లొమా వైపు నడుస్తూ మొదలుపెట్టండి.

ఉపాధి మొదలయ్యాక

ఇప్పుడు విశాఖ సంగీతం టీచర్ల ఆదాయంలో ఆన్‌లైన్ క్లాసులకి పెద్ద చోటుంది. మనకి తెల్లవారి ఆరు గంటలంటే వేసవిలో న్యూయార్క్‌లో రాత్రి ఎనిమిదిన్నర. అక్కడి తెలుగు పిల్లలు బడి, హోంవర్కు ముగించి కూర్చునే సమయం. డబ్బు బాగుంటుంది. నష్టం ఏమిటంటే, ఆ తెల్లవారుజామే టీచర్ సొంత సాధన సమయం. అకార సాధన, మంద్రస్థాయి, రాగం, అన్నీ ఆ పూటే. ఆ గంటలు అమ్ముడైపోతే సాయంత్రం స్థానిక పిల్లల క్లాసులు, రాత్రికి గొంతు అలసట. వారంలో రెండు ఉదయాలైనా ఎవరికీ ఇవ్వకుండా ఉంచుకోండి. ఫీజు పోయినా పరవాలేదు.

గాత్రం చెప్పే మగవాళ్లకి ఇంకో కష్టం. వాళ్ల శ్రుతి, అంటే పాటకి ఆధారమైన స్థాయి, ఒకటో ఒకటిన్నరో. వచ్చేది ఎక్కువగా ఆడపిల్లలు, వాళ్లది ఐదు, ఐదున్నర, అంటే బాగా పైన. రోజంతా వాళ్ల శ్రుతిలో పాడి చూపిస్తే సొంత గొంతు దెబ్బతింటుంది. కాలేజీలో ఎవరూ దీన్ని పాఠంగా చెప్పరు. ఒక మంచి గురువు మాత్రం చెప్తారు: స్వరం వయొలిన్ మీదో కీబోర్డు మీదో పట్టి చూపించు, సీనియర్ శిష్యురాలితో పాడించు, నీ గొంతు నీ కచేరీకి దాచుకో.

అయితే నేను ఏది ఎంచుకోమంటాను?

ఒకే ఒక్క దారి ఎంచుకోమంటే గురువు అంటాను. కానీ ఒక్కటే ఎంచుకోవాల్సిన అవసరం లేదు. నేదునూరి కృష్ణమూర్తి గారిని చూడండి. విజయనగరం కాలేజీలో చదివారు. తర్వాత శ్రీపాద పినాకపాణి గారి దగ్గర పాటకి మెరుగు పెట్టుకున్నారు. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అన్నమాచార్య కీర్తనలకి స్వరాలు కట్టారు. 1991లో సంగీత కళానిధి అందుకున్నారు. 2014లో కన్నుమూసేదాకా విశాఖలో శిష్యులకి పాఠం చెప్తూనే ఉన్నారు. కాలేజీ ముందు, గురువు తర్వాత, ఉద్యోగం, వేదిక పక్కపక్కన. ఈ వరస ఈనాటికీ పనికొస్తుంది. ఇంటర్ అయిన పిల్లలు గురువుని వదలకుండా డిప్లొమా కూడా చెయ్యాలి, అది అవగానే రేడియో ఆడిషన్‌కి కూర్చోవాలి, సాధారణ డిగ్రీ ఏదో ఒకటి దూరవిద్యలోనైనా పూర్తిచేసుకోవాలి. ఎం.ఏ. ఆ తర్వాత.

ఇప్పటికే ఉద్యోగంలో ఉండి సంగీతం చెప్పాలనుకునేవాళ్లు, అంటే స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో బ్యాంకులోనో పనిచేసేవాళ్లు, ఆ ఉద్యోగం మానకండి. పినాకపాణి గారు ఇక్కడి ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన డాక్టరు. కర్నూలు మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేశారు. వైద్యమే ఆయన జీవనం. తిండి కోసం పాఠం చెప్పాల్సిన అవసరం లేకపోవడంతో, ఎవరికి చెప్పాలో, ఎంతసేపు చెప్పాలో తానే నిర్ణయించుకోగలిగారు. నేదునూరి, నూకల చినసత్యనారాయణ, వోలేటి వెంకటేశ్వర్లు లాంటివాళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నారు. ఆయనకి సంగీత కళానిధి 1983లో వచ్చింది.

ఇక గాత్రం, వయొలిన్ రెండూ కొంత వచ్చి, ఏది పట్టుకోవాలో తేల్చుకోలేని పిల్లలుంటే వయొలిన్ వైపు వెళ్లమంటాను. పాడేవాళ్లు ఎక్కువ, పక్కవాద్యం వాయించేవాళ్లు తక్కువ. పుష్య మాసంలో త్యాగరాజ ఆరాధన, శ్రీరామనవమి, వైశాఖంలో అన్నమయ్య జయంతి, దసరా తొమ్మిది రోజులు: ఈ సీజన్లలో ఒక గాయకుడికి ఒక కచేరీ దొరికితే, వయొలిన్ వాయించే అమ్మాయికి నాలుగు పిలుపులు వస్తాయి. నాలుగు రకాల పాఠాంతరాలు (ఒకే కీర్తనని పాడే వేర్వేరు పద్ధతులు), నాలుగు రకాల కాలప్రమాణాలు ఆమె చెవిన పడతాయి. సాయంత్రం క్లాసులో తన శిష్యులకి చెప్పడానికి ఆమె దగ్గర ఎప్పుడూ కొత్తది ఏదో ఒకటి ఉంటుంది.