చప్పుడు లేని విమానం కోసం టూసాన్ దాకా

మేం కాలిఫోర్నియాలో సన్నీవేల్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాం. ఆఫీసుకెళ్లే దారిలో విమానాల కంపెనీ లాక్‌హీడ్ బోర్డు రోజూ కనిపించేది కానీ లోపల ఏం చేస్తారో ఎప్పుడూ పట్టించుకోలేదు. ఈ ఫిబ్రవరిలో మా నాన్న వైజాగ్ నుంచి వచ్చారు. ఆయన నేవీలో ఎయిర్‌క్రాఫ్ట్ మెకానిక్‌గా చేశారు, ముందు గోవాలో, తర్వాత అరక్కోణంలో, టీయూ-142 విమానాల మీద. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా మ్యూజియంగా పెట్టారే, అదే విమానం. దాన్ని సముద్రం మీద గస్తీకి, సబ్‌మెరైన్ల వేటకి వాడేవాళ్లు. చుట్టాలు ఎవరొచ్చినా నాన్న దగ్గరుండి దాన్ని చూపిస్తారు. ఆ ఇంజన్ల పక్కన పనిచేసి పనిచేసి ఆయనకి ఎడమ చెవి దాదాపు పోయింది, కుడి చెవికి మెషీన్ ఉంది.

గోల్డెన్ గేట్, శాన్ ఫ్రాన్సిస్కో అన్నీ మొదటి వారంలోనే అయిపోయాయి. ఓ శనివారం మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న మోఫెట్ ఫీల్డ్ మ్యూజియంకి తీసుకెళ్లాను. చిన్నదే, రెండు గంటల్లో అయిపోతుంది, గేటు దగ్గర ఐడీ అడుగుతారు కాబట్టి పెద్దవాళ్ల పాస్‌పోర్టు మర్చిపోవద్దు. 1994 దాకా అక్కడ అమెరికా నేవీ వాళ్ల పీ-3 ఓరియన్ విమానాలు ఉండేవి, అవీ సబ్‌మెరైన్ల కోసం వెతికేవే, కాబట్టి నాన్నకి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. అక్కడి పెద్దాయన ఒకరు నాన్నతో మాట్లాడుతూ మాట్లాడుతూ, అన్నిటికంటే నిశ్శబ్దంగా ఎగిరే నిఘా విమానాన్ని ఈ ఊళ్లోనే, సన్నీవేల్ లాక్‌హీడ్ వాళ్లే తయారు చేశారని చెప్పారు. పేరు వైఓ-3ఏ. వియత్నాం యుద్ధం కోసం చేసినవి మొత్తం పదకొండే. ఒకటి అరిజోనాలోని టూసాన్‌లో, పీమా విమానాల మ్యూజియంలో ఉంది. ఇంటికొచ్చేదాకా నాన్న ఏం మాట్లాడలేదు, భోజనాల దగ్గర మాత్రం "టూసాన్ ఎంత దూరమమ్మా?" అన్నారు. మా ఆయన పిల్లల్ని చూసుకుంటానన్నాడు, నేను టికెట్లు తీశాను.

శాన్ హోసే నుంచి ఫీనిక్స్‌కి ఫ్లైట్, అక్కడి నుంచి ఐ-10 హైవే మీద కారులో రెండు గంటలు. నేరుగా టూసాన్‌కే వెళ్లొచ్చు కానీ మాకు టైమింగ్ కుదరలేదు. ఇప్పుడు ఆలోచిస్తే కొంచెం ఎక్కువైనా నేరుగా వెళ్లాల్సింది, ఎందుకంటే ఫీనిక్స్‌లో కారు కౌంటర్ దగ్గర గంటా పది నిమిషాలు నిలబెట్టారు, నాన్నకి కూర్చోడానికి ఒక్క కుర్చీ లేదు, మేం బుక్ చేసిన కారు లేదని పెద్ద వ్యాన్ అంటగట్టారు. దాని మెట్టు ఎక్కడానికి నాన్న ప్రతిసారీ నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది. హోటల్ ఎయిర్‌పోర్టు దగ్గర్లో తీసుకున్నాను, మ్యూజియంకి పావుగంట. రూము శుభ్రంగా ఉంది, బాత్రూంలో పట్టుకోడానికి రాడ్లు ఉన్నాయి, గ్రౌండ్ ఫ్లోర్ అడిగితే ఇచ్చారు. కానీ కిటికీ కింద ఏసీ రాత్రంతా గడగడలాడుతూనే ఉంది. రిసెప్షన్‌లో రెండుసార్లు చెప్పాను, ఎవర్నో పంపిస్తామన్నారు, ఎవరూ రాలేదు. నాన్న మెషీన్ తీసేసి హాయిగా నిద్రపోయారు.

పీమా గురించి ముందే చెప్పాల్సింది ఏంటంటే, ఒక్క రోజు చాలదు. దాదాపు ఎనభై ఎకరాలు, నాలుగు వందలకి పైగా విమానాలు, కొన్ని హ్యాంగర్లలో, చాలావరకు ఆరుబయట ఎర్రటి ఎండలో. ఫిబ్రవరిలో కూడా మధ్యాహ్నం టోపీ లేకుండా కుదరలేదు, జూన్‌లో పెద్దవాళ్లతో అస్సలు పెట్టుకోవద్దు. టికెట్ కౌంటర్ దగ్గర వీల్‌చైర్ అడిగితే ఒక్క ప్రశ్న లేకుండా తెచ్చి ఇచ్చారు, నేల చదునుగానే ఉంది, నేనొక్కదాన్నే తోసుకుంటూ తిరిగాను. లోపల ఉన్న రెస్టారెంట్‌లో శాకాహారులకి పెద్దగా ఏం దొరకదు, మేం పులిహోర కట్టుకెళ్లాం కాబట్టి సరిపోయింది. నీళ్ల బాటిళ్లు మాత్రం నింపుకునే వెళ్లండి.

ఎస్సార్-71 అనే పేరుమోసిన నిఘా విమానం చుట్టూ జనం ఉన్నారు. వైఓ-3ఏ దగ్గర మేమిద్దరమే. ముందు చూసినప్పుడు నాకు ఏదో బొమ్మ విమానంలా అనిపించింది, తర్వాత ఆ రెక్కలు చూశాను, యాభై ఏడు అడుగులు, ఒళ్లు మాత్రం ముప్ఫై అడుగులు. నిజానికి ఇది ష్వైజర్ కంపెనీ గ్లైడర్, దానికి ఇంజన్ తగిలించారు. నాన్న వీల్‌చైర్‌లోంచి లేచి ముందుకి వంగి, ముక్కు దగ్గర్నుంచి తోక వైపు పాకిన పొడుగాటి గొట్టాన్ని చూపించి "చూశావా, సైలెన్సర్ ఎంత పొడుగుందో" అన్నారు. ఇంజన్ పొగని అంత దూరం తిప్పి తిప్పి, చప్పుడు చచ్చాక బయటికి వదులుతుంది. ఇంజన్ 210 హార్స్‌పవర్ కాంటినెంటల్. దానికీ ప్రొపెల్లర్‌కీ మధ్య గేర్లు లేవు, బెల్టులు. ఇంజన్ మూడుంపావు చుట్లకి పైగా తిరిగితే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరుగుతుంది. విమానం చప్పుడులో పెద్ద వాటా ప్రొపెల్లర్ కొసలదేనట, కొస ఎంత వేగంగా గాలిని కోస్తే అంత మోత. టీయూ-142లో ఆ కొసలు శబ్దవేగాన్ని దాటిపోతాయి, అందుకే దాని పక్కన నిలబడితే గుండెలు అదిరేవని నాన్న అంటారు. ఇక్కడ బ్లేడ్లు వెడల్పుగా పెట్టి మెల్లగా తిప్పారు. ముందు సీట్లో పరిశీలకుడు, వెనక పైలట్. ముందు సీటాయనకి చీకట్లో చూసే పెరిస్కోప్, ఇన్‌ఫ్రారెడ్ లైటు.

మేం అక్కడే నిలబడి ఉంటే వాలంటీర్ గైడు ఒకాయన వచ్చారు. డెబ్బై దాటి ఉంటాయి, ఆయనకీ చెవికి మెషీన్ ఉంది. వియత్నాంలో బర్డ్ డాగ్ నడిపారట, అదీ నిఘా విమానమే, చిన్న సెస్నా, కానీ అది వస్తుందని కింద ఉన్నవాళ్లకి ముందే వినపడిపోయేది. అందుకే దీని విషయం ఆయన అంత ఇష్టంగా చెప్పారు. 1968 మొదట్లో రెండు మామూలు గ్లైడర్లని మార్చి మెకాంగ్ డెల్టాలో పరీక్షించారు, అవి పనికొచ్చాక ఇది వచ్చింది. 1970లో తొమ్మిదింటిని వియత్నాం పంపారు, సుమారు పద్నాలుగు నెలలు ఎగిరాయి, రాత్రిపూట వెయ్యి అడుగుల ఎత్తులో, ఒక్కోసారి ఇంకా కిందికి. ఒక్కదానికీ శత్రువు తూటా తగల్లేదు. వెయ్యి అడుగులంటే మనింటి మీద ఎగిరితే కిటికీలు లెక్కపెట్టొచ్చు.

తర్వాత ఆయన చెప్పిన మాట కోసమే నేనిది రాస్తున్నాను. రాత్రి డ్యూటీకి బయల్దేరాక పైలట్ ముందు సొంత స్థావరం మీదుగా ఒక చుట్టు తిరిగేవాడు. కింద ఉన్నవాళ్లు చీకట్లో నిలబడి చెవులు రిక్కించి వినేవాళ్లు. ఎక్కడైనా టకటకమన్నా, ఏ సందులోంచైనా గాలి ఈల వేసినా దించేసేవాళ్లు, ఆ చోటు వెతికి డక్ట్ టేప్ అంటించి మళ్లీ పంపేవాళ్లు. నాన్నకి సగం వినపడలేదు, నేను కుడి చెవి దగ్గర తెలుగులో మళ్లీ చెప్పాను. ఆయన చాలాసేపు ఆ విమానం అతుకుల వైపే చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఇద్దరూ, వచ్చీరాని ఇంగ్లీషూ చేతి సైగలూ కలిపి, ఇరవై నిమిషాలు బెల్టుల గురించి మాట్లాడుకున్నారు. పైలట్ల గురించి ఎవరైనా చెప్తారు, కింద నిలబడి విన్న మెకానిక్కుల గురించి ఆ పెద్దాయనే చెప్పారు. పీమాలో బోర్డులు చదువుకుంటూ వెళ్లిపోకండి, వాలంటీర్ గైడు కనిపిస్తే ఆగి అడగండి, చాలామంది మాజీ సైనికులే.

యుద్ధం తర్వాత వీటిలో కొన్ని లూసియానాలో దొంగ వేటగాళ్లని పట్టుకోడానికి వెళ్లాయి, ఎఫ్‌బీఐ ఒకటి వాడింది. ఇంకోదాన్ని నాసా మన మోఫెట్ ఫీల్డ్‌కే తెచ్చి, మైకులు బిగించి హెలికాప్టర్ల శబ్దం కొలిచింది, దీనికి సొంత చప్పుడు లేదు కాబట్టి పక్కదాని చప్పుడే రికార్డవుతుంది. మా ఇంటి మీదుగా అది ఎన్నో ఏళ్లు ఎగిరి ఉంటుంది.

మర్నాడు టైటన్ మిసైల్ మ్యూజియం అనుకున్నాం, దక్షిణంగా అరగంట పైన. భూమి లోపల క్షిపణి సైలో, పిల్లలకి బాగుంటుంది, కానీ యాభై ఐదు మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి. నాన్న మోకాళ్లకి కుదరదని మానేసి సాగ్వారో పార్కుకి వెళ్లాం. కారులోంచి దిగకుండానే సాయంత్రం ఆ పెద్ద పెద్ద కాక్టస్‌ల మధ్య తిరగొచ్చు, పెద్దవాళ్లతో వెళ్తే అదే మేలు. రాత్రికి బీన్స్ బురిటో తిన్నాం, పప్పన్నం తిన్నట్టే ఉందని నాన్న అన్నారు.

హోటల్‌కి వస్తూ నాన్న హార్డ్‌వేర్ షాపు దగ్గర ఆపమన్నారు. చిన్న టేప్ చుట్ట కొన్నారు. రూములో ఏసీ ఆన్ చేయించి, మోకాళ్ల మీద కూర్చోలేక కుర్చీ జరుపుకుని, దాని పై మూత మీద అరచెయ్యి పరిచి మెల్లగా జరుపుకుంటూ పోయారు. ఆయనకి ఆ గడగడ వినపడదు, చేతికి తెలుస్తోంది. ఎడమ మూల దగ్గర చెయ్యి ఆగింది. అక్కడ రెండు ముక్కలు అంటించి "ఇప్పుడు విను" అన్నారు. గాలి వస్తున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.