బరంపురం బోర్డుకు ఏ అక్షరం మేలు?

ఒడిశాలోని బరంపురంలో దుకాణం బోర్డు రాయించడం ఒక లిపితో తేలే పని కాదు. ఒడియా ఉండాలి, తెలుగువాళ్ల కోసం తెలుగు ఉండాలి, ఇంగ్లీషు ఎలాగూ ఉంటుంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లోనూ ఇదే తంతు. ఇప్పుడు పట్టుచీరల వాళ్లూ నగల వాళ్లూ ఏరికోరి అడుగుతున్నది లావుగీతకూ సన్నగీతకూ తేడా కొట్టొచ్చినట్టు కనిపించే బరువైన అక్షరం. ఫ్యాషన్ పత్రికల అట్టల మీద బొడోని అనే ఫాంటు తరహా ఇంగ్లీషు అక్షరాలకున్న దర్జా తెలుగులోనూ రావాలని వాళ్ల కోరిక. కోరిక సబబే. అయితే అలాంటి అక్షరంలో అందరూ లావుగీతను చూసి మురిసిపోతారు, దాని మంచిచెడ్డలు తేల్చేది మాత్రం సన్నగీత.

ఉచితంగా దొరికే ఫాంట్లలో, అంటే కంప్యూటరు అక్షరాల్లో, ఆ దర్జాకు దగ్గరగా వచ్చేది నోటో సెరిఫ్ తెలుగు. బరువు, అంటే గీత లావు, 100 నుంచి 900 దాకా మార్చుకోవచ్చు. 900లో పెట్టి ‘ధనలక్ష్మి’ అని అరచెయ్యంత పెద్దగా అచ్చు వేసి చూడండి, ముచ్చటేస్తుంది. అదే పేరును చీర తగిలించే చిన్న అట్టముక్క మీదికి కుదించండి. ‘ధ’ అడుగున ఉండే చిన్న నిలువు గీత సిరాలో కలిసిపోయి ‘ద’ మిగులుతుంది. ధనలక్ష్మి కాస్తా దనలక్ష్మి! ‘క్ష్మి’ సంగతి ఇంకో రకం. పైన గుడి, కింద రెండు వొత్తులు. బోర్డు ఎత్తు మారదు కాబట్టి వీటన్నిటికీ చోటు ఇవ్వడానికి అసలు అక్షరమే చిన్నదవుతుంది, దానితోపాటు సన్నగీతలు ఇంకా సన్నబడతాయి.

రామభద్ర అనే ఫాంటులో ఈ బాధ తక్కువ. గీత అంతా ఇంచుమించు ఒకే లావు, మూలలు గుండ్రం, శీర్షికలకూ పోస్టర్లకూ పుట్టిన అక్షరం. ఫ్లెక్సు మీద ఉగాది సభ అనో, అన్నసమారాధన అనో వేస్తే వీధి చివరి నుంచే చదవచ్చు. కానీ దానికి ఉన్నది ఒకే బరువు. పైగా పట్టుచీరల దుకాణానికి వేస్తే సభ బ్యానరు చూసినట్టే ఉంటుంది. అలా అనిపించడం నా చాదస్తం కావచ్చు.

గిడుగు పేరుతోనూ ఒక ఫాంటు ఉంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పేరే అది. ఈ ప్రాంతం వాడిగా దాన్ని నెత్తిన పెట్టుకోవాలని నాకూ ఉంటుంది. రోడ్డు మీది బోర్డుకు కావలసిన లావు మాత్రం అందులో లేదు.

అసలు చిక్కు ఒడియాతో వస్తుంది. ఒడియా అక్షరాల్లో చాలావాటికి నెత్తిన గొడుగులాంటి వంపు ఒకటే. ఏ అక్షరమో చెప్పేది కింది భాగం. ఆ వంపును బాగా లావు చేసి కింది గీతలను సన్నం చేస్తే చదవవలసినవే మాయమవుతాయి. తెలుగుకు నోటో పెట్టి, పక్కన ఒడియాకు దొరికిన ఫాంటేదో పెడితే రెండు దుకాణాల బోర్డులు తెచ్చి అతికించినట్టు ఉంటుంది. ఇక్కడ బాలూ అనే ఫాంట్ల కుటుంబం గెలుస్తుంది. ఫాంట్లు గీసే ముంబై సంస్థ ఎక్ టైప్ వాళ్లు అన్ని లిపులనూ ఒకే కుదురులో గీశారు. తెలుగుది బాలూ తమ్ముడు, ఒడియాది బాలూ భాయినా. రెండో కూర్పులో 400 నుంచి 800 దాకా బరువులున్నాయి. రెండు లిపులూ ఒకే చేతిరాతలా పక్కపక్కన ఒదుగుతాయి. సన్నాలావుల తేడా పెద్దగా లేదు, దర్జా తక్కువే. కాస్త ఆటబొమ్మల దుకాణం పోకడ కూడా ఉంది, ఒప్పుకోవాలి.

అందుకే నా ఓటు రెండుగా చీలుతుంది. వీధి బోర్డుకు, ముఖ్యంగా లోపల ఎల్ఈడీ బల్బులు పెట్టే పెట్టె అక్షరాలకు, బాలూ జంటే మేలు. బల్బుల వరుస పట్టాలంటే గీతకు వెడల్పు ఉండాలి. సన్నగీతలో బల్బు పట్టదు, రాత్రిపూట అక్షరం ముక్కలుగా వెలుగుతుంది. స్టిక్కరు కోయించినా అంతే. పొర ఒలిచేటప్పుడు సన్నగీతే ముందు చిరుగుతుంది. గుడ్డసంచుల మీద స్క్రీన్ ప్రింటింగుకూ నోటో వద్దు.

చీర పెట్టె మూతకు, పెళ్లి సీజను ప్రకటనకు మాత్రం నోటో 900 బరువుకు సాటి లేదు. భౌగోళిక గుర్తింపు ఉన్న బరంపురం పట్టుకు ఫోడా కుంభ అంచు ఉంటుంది కదా, గుడి గోపురాల్లా కోసుగా లేచే వరుస. ఆ కోసుదనం పక్కన గుండ్రటి బాలూ తేలిపోతుంది, పదునైన సన్నగీత నిలుస్తుంది. మూత మీద దుకాణం పేరు ఒక్కటే పెద్దగా వేయించండి. చిరునామా, ఫోను నంబరు అదే ఫాంటులో వేయించకండి.

డబ్బు సంగతికొస్తే పైవన్నీ స్వేచ్ఛా లైసెన్సువే, వ్యాపారానికి వాడుకున్నా రుసుము లేదు. కంప్యూటరులో అక్షరాలు కూర్చే డీటీపీ వాళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. చాలాచోట్ల ఇప్పటికీ తెలుగుకు అను, ఒడియాకు ఆకృతి ఫాంట్లతోనే పని. అవి యూనికోడ్‌వి, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ వాడే ఉమ్మడి అక్షర సంకేతాలవి, కావు. మీరు ఫోనులో పంపిన పేరు వాటిలో అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి, యూనికోడ్ సరిగా పట్టని పాత సాఫ్ట్‌వేర్‌లో వొత్తులు విడిపోతాయి. పేరును యూనికోడ్‌లో కూర్చి, ఆ ఫాంటు లేని కంప్యూటరులోనూ చెదరకుండా అక్షరాలను గీతలుగా మార్పించిన ఫైలు అడగండి. బోర్డు తయారుకాకముందే ఒడియా చదివేవారొకరికి, తెలుగు చదివేవారొకరికి దాని నమూనా చూపించండి.